బెల్లం మూటల కాటా

మా పుట్టింటి అంగడిలో కాటా మీద మనిషి కాలు పెట్టకూడదు. కావేరిపట్టణం బజారు వీధిలో మా తాత పెట్టిన అంగడి అది. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు, పప్పులు అమ్ముతాం. వెనక గదిలో మూటలు తూచే ఇనుప కాటా ఇప్పటికీ ఉంది. నేలకు జానెడెత్తున ఒక పలక, పక్కన నిలువు కమ్మీ, దాని నెత్తిన అంకెలు చెక్కిన అడ్డకమ్మీ, దాని మీద అటూ ఇటూ జరిపే ఇత్తడి గుండు. ముందర అంగట్లోకి ఎర్రంకెల కరెంటు కాటాలు వచ్చి ఎన్నేళ్ళయినా ఆయుధపూజ నాడు మొదటి పసుపు ఈ ముసలిదానికే. మనకు అన్నం పెట్టే లక్ష్మిని తొక్కుతారా అనేవాడు నాన్న. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ దాని మీదెక్కి ఊగుతూ దొరికిపోయి, ఇద్దరం ఒకే తాడుతో దెబ్బలు తిన్నాం. తర్వాత నేను కృష్ణగిరి కాలేజీలో బీకాం చదువుకుని, ఇవన్నీ చాదస్తాలని నాన్నతో ఇల్లెగిరిపోయేలా వాదించిన రోజుల్లో కూడా ఆ పలకను దాటుకుని నడిచానే తప్ప తొక్కలేదు.

అలాంటిది నడివయసులో, చెప్పులు విప్పించి, చెయ్యి పట్టుకుని నన్ను దాని మీదికి ఎక్కించింది తమ్ముడే.

వాడి లివరు పాడైంది. వాడు చుక్క తాగి ఎరగడు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, లివరు అనగానే మా బంధువులందరి మొహాల్లోనూ ఒకే చూపు కనిపించేది. అంగడి మూసేశాక వెనక గదిలో ఏం చేసేవాడో అని ఒక పెద్దమనిషి పెళ్ళి పందిట్లో నా ముందే అన్నాడు. నీ కొడుకు ముందర గదిలోనే చేస్తున్నాడు, అది చూసుకో అన్నాను. ఆ ఇంటితో మాటలు పోయాయి, పోతే పోనీ. బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరు మాత్రం తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాడు. షుగరు, పొట్ట, పొద్దున్నించి రాత్రిదాకా అంగట్లో గల్లాపెట్టె ముందు పరుపు మీద కదలకుండా కూర్చునే బతుకు. కొవ్వు లివర్లో చేరి, చేరి, అది గట్టిపడిపోయింది. తాగేవాళ్ళకే కాదు, ఇలా కూడా వస్తుంది.

మా వాళ్ళలో పొట్ట అంటే రోగం కాదు, పరపతి. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి పొట్ట చూసి, అంగడి బాగా నడుస్తున్నట్టుంది అని సంతోషించే జనం మేం. సన్నబడితే ఏం నష్టం వచ్చిందోనని గుసగుసలు పోతారు. నాకు పెళ్ళయి మత్తిగిరి వచ్చి, హోసూరులో బండ్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో లెక్కల విభాగంలో చేరాక, వాళ్ళకంటే నేను వేరే అనుకున్నాను. వేరేమీ కాదు. వాళ్ళు పరుపు మీద కూర్చుంటే నేను చక్రాల కుర్చీలో కూర్చున్నాను, అంతే.

ఇంకొకరి లివరు ముక్క కోసి పెడితే తమ్ముడు బతుకుతాడన్నారు. ఇచ్చినవాళ్ళకు అది మళ్ళీ పెరుగుతుందట. చనిపోయినవాళ్ళ నుంచి దొరికే వరుసలో పేరు రాయించాం గానీ ఆ వరుస ఎప్పటికి కదులుతుందో ఎవరూ చెప్పలేదు. మరదలి రక్తం వాడికి కలవలేదు. వాళ్ళ కూతురు ఇంకా స్కూల్లో ఉంది. వాడికి తోడబుట్టినదాన్ని నేనొక్కదాన్నే, రక్తం కూడా ఒకటే. నేనిస్తాను అని ఆ గదిలోనే చెప్పేశాను. మా ఆయన్ని ఫోన్లో అడగనైనా లేదు. సాయంత్రం చెప్తే ఆయన, షిఫ్టు మార్పించుకుంటాలే అన్నాడు. ఆయన మంచితనం అలాగే ఉంటుంది, పైకి కనపడదు.

నాకు పరీక్షలన్నీ చేశారు. స్కానింగు చూసి డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నా లివర్లోనూ కొవ్వే. ఇది ఇప్పుడు మీకే బొటాబొటీగా ఉంది, ఇందులోంచి ఇంకొకరికి ఎలా కోసేది అన్నాడు. బరువు తగ్గాలి. తగ్గితే కొవ్వు కరుగుతుంది, అప్పుడు మళ్ళీ స్కానింగు తీసి చూద్దాం. తిండి మానేసి పస్తులుంటే లివరు ఇంకా పాడవుతుంది, బరువు తగ్గిస్తామనే పొడులూ కషాయాలూ ముట్టుకోవద్దు. రోజూ నడవాలి, వ్యాయామం చెయ్యాలి, మెల్లగా తగ్గాలి. తొందరపడకండి అన్నాడు. తమ్ముడి కళ్ళు అప్పటికే పసుపు తిరిగి ఉన్నాయి. ఆ కళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని నన్ను తొందరపడొద్దంటున్నారే అని డాక్టరుతో గొడవపడ్డాను. ఆయన నా అరుపులు చివరిదాకా విని, నడక మొదలుపెట్టమ్మా అన్నాడు.

తిరుగు బస్సులో తమ్ముడు కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి నవ్వాడు.

"నాయన అంగడి నాకొక్కనికే రాసిచ్చినాడని నువ్వు అలిగినావే, చూడక్కా. నీకూ సమంగా పంచినాడు. కడుపులో పెట్టిచ్చినాడు."

నోరు మూసుకోమన్నాను. అత్తిపల్లి దాటేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

అలా మొదలైంది. నేను తగ్గితే వాడు బతుకుతాడు, ఆలోగా వాడు నిలబడాలి. లెక్క ఇంతే. జమాఖర్చులు సరిచూడటమే నా ఉద్యోగం గానీ ఇంత చిన్న లెక్కకు నేనెప్పుడూ ఇంత భయపడలేదు.

నడక మొదలుపెడతానని నోటితో అనడం సులువు. నా రోజు ఎలాంటిదంటే, అందులో ఇంకో గుండుసూది కూడా దూరదు. తెల్లారకముందే లేచి, టిఫిను, మధ్యాహ్నం క్యారియర్లు, మా అత్తగారికి మందులు, ఆమె స్నానం. అప్పుడు షేర్ ఆటోలో ఇరుక్కుని హోసూరు. నెలాఖరు వస్తే జీఎస్టీ, మూడు నెలలకోసారి ఆడిటు. ఇంటికొచ్చేసరికి చీకటి. ఇంతకాలం నాకు టైం లేదు అన్న మాటను నేను పతకంలా మెళ్ళో వేసుకు తిరిగాను. ఇప్పుడు ఆ మాట ఎవరితో అనాలి? తమ్ముడి లివరుతోనా?

అందుకని పొద్దున లేచే వేళను ఇంకా ముందుకు జరిపాను. మత్తిగిరిలో పశువుల ఫారం గోడ పొడవునా ఒక రోడ్డుంది. మార్గశిరంలో హోసూరు చలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మంచులో గోడవతల నుంచి పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, ఎక్కడో ఒక ఆవు గొంతు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, స్వెటరు తొడుక్కుని, కాళ్ళకు మా ఆయన కొనిచ్చిన గులాబీరంగు బూట్లతో నేను. రంగు చూసి తేలేదా అని పోట్లాడితే, తగ్గింపులో అదే ఉండింది అన్నాడు. కోతిటోపీలు పెట్టుకున్న రిటైరైన మగవాళ్ళు ఎదురొచ్చి చేతులు ఇంకా ఊపాలమ్మా అని సలహాలిచ్చేవాళ్ళు. మీ పొట్టలు ఊగుతున్నాయి చాలు అని ఒకరోజు అన్నాను. తర్వాత వాళ్ళు రోడ్డుకు అవతలి పక్కన నడవసాగారు.

మొదటి వారాల్లో ఫారం గేటు దాకా పోయేసరికే ఆయాసం. మోకాళ్ళు కలుక్కుమనేవి. తర్వాత గేటు దాటాను, తర్వాత గోడ చివర చింతచెట్ల దాకా. ఆఫీసులో లిఫ్టు మానేశాను. మధ్యాహ్నం అందరూ ఫోన్లు చూసుకునే వేళ నేను మెట్లు ఎక్కి దిగేదాన్ని. కింద గేటు దగ్గరి సెక్యూరిటీ అమ్మాయి, ఏమన్నా పోగొట్టుకున్నారా మేడం అని అడిగింది. ఆటో ఒక స్టాపు ముందే దిగిపోయేదాన్ని. రాత్రి గిన్నెలు తోమాక మా అత్తగారి మంచం పట్టుకుని కూర్చుని లేచే కసరత్తు. ఆమెకు కళ్ళు సరిగా కనపడవు, ఎవరే మంచం ఊపేది అనేది. ఇవన్నీ గొప్పకు రాయడం లేదు. ఎవరైనా చెయ్యగలిగినవే. వీటికోసం ముందుగా ఒక మనిషి కళ్ళు పసుపు తిరగాలా అన్నదే నా బాధ.

ఆదివారం ఆదివారం కావేరిపట్టణం పోయేదాన్ని. హోసూరు నుంచి కృష్ణగిరి, అక్కడ బస్సు మారి పుట్టిల్లు. మొదటి ఆదివారమే తమ్ముడు నన్ను నేరుగా వెనక గదిలోకి తీసుకుపోయి కాటా చూపించాడు. నేను వెనక్కి తగ్గాను. ఆఫీసు దగ్గర మందుల షాపులో బరువు చూసుకున్నాలే, ఇక్కడెందుకు అన్నాను.

"ఆ మిషన్లు ఆడికొకటి ఈడికొకటి చెప్తాయక్కా. ఇది అబద్ధం చెప్పదు. ఎక్కు."

"నాయన చూస్తే?"

"నాయన ఉండుంటే ఆయప్పే ఎక్కిచ్చుండును."

దండం పెట్టుకుని ఎక్కాను. చల్లటి ఇనుము. వాడు వంగి, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, ఇత్తడి గుండును వేలితో వెంట్రుకవాసి జరుపుతూ కమ్మీ తిన్నగా నిలిచేదాకా చూశాడు. గిరాకీ ముందు చింతపండు తూచేటప్పుడు కూడా అదే మొహం. అంకె చదవలేదు. "బెల్లం మూట నిండుగా ఉండాది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే. అంకె నాకు చెప్పేవాడు కాదు. ఒకసారి మూట తడిసినట్టుండాది అనేవాడు, ఒకసారి ఎలుక కొట్టినట్టుండాది అనేవాడు. ఎలుక కొట్టింది అన్న రోజు నాకు పండగ.

ఇక్కడ మా మరదలి గురించి చెప్పాలి. తక్కువ మాట్లాడే మనిషి. మా ఇంటికి కోడలుగా వచ్చి ఇన్నేళ్ళలో నాతో పోట్లాడని ఒకే ఒక్క మనిషి. నా భర్త ప్రాణానికి నీ ఒళ్ళు కోసి ఇస్తున్నావు అన్న మాట ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు. దానికి బదులు డబ్బాలు పంపడం మొదలుపెట్టింది. మా అంగడి టెంపో వారానికోసారి సరుకుకు హోసూరు వస్తుంది. డ్రైవరు మా కంపెనీ గేటు దగ్గర ఆగి ఒక స్టీలు డబ్బా ఇచ్చి పోయేవాడు. అందులో సున్నుండలు. మా వైపు ఉద్దులంటాం మినుముల్ని. పొట్టుతోనే వేయించి విసిరి, మా అంగడి బెల్లమే తరిగి, నెయ్యి కారేలా చుట్టిన ఉండలు. పిడికిలి అంత ఒక్కొక్కటి.

మొదటి డబ్బా చూసి నాకు తల తిరిగింది. ఆ ఆదివారం ఆమెను వంటింట్లో నిలబెట్టి చెప్పాను. డాక్టరు ఏమన్నాడో, కొవ్వు అంటే ఏమిటో, నెయ్యి ఎక్కడికి పోయి చేరుతుందో, బీకాం చదివినదాన్ని కదా, లెక్క వేసి మరీ చెప్పాను. ఆమె పొయ్యి మీది పప్పు కలుపుతూ అంతా విన్నది.

"ఒళ్ళు తగ్గమన్నాడు గాని వదినా, బలం తగ్గమన్నాడా? కోసేది మనిషిని. ఎట్ల తట్టుకుంటావు?"

నాకు వంద జవాబులు వచ్చాయి. కానీ ఆమె ఉడికిపోయిన పప్పునే ఇంకా కలుపుతోంది. తన రక్తం కలవలేదు. తను ఇవ్వగలిగింది ఇదొక్కటే. ఇవ్వాల్సిన మనిషిని ఉత్త చేతులతో కత్తి కిందికి పంపడం మా ఇళ్ళలో ఎవరివల్లా కాదు. మేకకైనా ముందు గడ్డి పెడతారు కదా అని నాలో నేను అనుకుని, ఆ మాట పైకి అనకుండా మింగాను. నా జీవితంలో నేను మింగిన మాటలు తక్కువ. అందులో ఇదొకటి.

డబ్బాలు ఆగలేదు. మా ఇళ్ళలో వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు. ఏదో ఒకటి వేసి పంపాలి, కనీసం గుప్పెడు చక్కెరైనా. అందుకని నేను తోటకూరో, హోసూరు సంతలో దొరికే గులాబీలో, నాలుగు దోసకాయలో పెట్టి టెంపో ఎక్కించేదాన్ని. దోసకాయలు చూస్తే అర్థమవుతుందేమోనని ఆశ. తర్వాతి వారం మళ్ళీ ఉండలే, ఈసారి జీడిపప్పుతో. ఆఫీసులో పంచేదాన్ని. నా డబ్బా కోసం మా విభాగమంతా ఎదురుచూసేది. వాళ్ళు లావయ్యారు. సెక్యూరిటీ అమ్మాయికి రెండు, షేర్ ఆటో డ్రైవరుకు ఒకటి. అయినా ప్రతి డబ్బాలోంచీ ఒకటి నేను తినేదాన్ని. ఆమె ఫోన్ చేసి ఎట్లుండాయి వదినా అని అడుగుతుంది. రుచి చూడకుండా బాగున్నాయని చెప్పడం నాకు చేతకాలేదు. తిన్న మర్నాడు పొద్దున చింతచెట్ల దగ్గర వెనక్కి తిరగకుండా ఇంకా ముందుకు, లేఔటు కొత్త ఇళ్ళ దాకా నడిచేదాన్ని.

తమ్ముడికి ఇదంతా తెలుసు. ఒక ఆదివారం కాటా మీద ఉండగా గొంతు తగ్గించి, నీ మరదలికి చెప్పేదా అని అడిగాడు. వద్దన్నాను. వద్దులే అని వాడూ అన్నాడు. ఆమెకు రాత్రిళ్ళు నిద్ర లేదట. పప్పు వేయించే పని ఉంటేనే కాస్త ఊపిరి తీసుకుంటుందట.

చలి పోయింది. ఫారం గోడ మీద ఎండ తొందరగా పడసాగింది. నా జాకెట్లు వదులయ్యాయి. ఆఫీసులో ఆడవాళ్ళు ఏం తింటున్నారు, ఏ యాప్ వాడుతున్నారు అని అడగసాగారు. మా అత్తగారు నా చెయ్యి తడిమి, నీకేమన్నా రోగమా అని అడిగింది. గులాబీరంగు బూట్ల అడుగు అరిగి మా ఆయన ఇంకో జత తెచ్చాడు. ఈసారి నల్లవి. పోట్లాడకుండా తొడుక్కున్నాను.

కానీ కావేరిపట్టణంలో లెక్క ఇంకో దిక్కు పోతోంది. తమ్ముడి చేతులూ భుజాలూ ఎండిపోతున్నాయి. కడుపు మాత్రం ఉబ్బుతోంది. నీళ్ళు చేరుతున్నాయన్నారు. పదిరోజులకోసారి కృష్ణగిరి తీసుకుపోయి సూదితో తీయిస్తున్నారు. ఒక ఆదివారం నేను దిగాక, ఏదో బుద్ధి పుట్టి, తనే కాటా ఎక్కాడు. నన్ను గుండు జరపమన్నాడు. నాకు కుదరలేదు, కమ్మీ ఇటు వాలితే అటు, అటు వాలితే ఇటు. ఎలాగో నిలిపి చూస్తే వాడి బరువు పెరిగి ఉంది. ఒంటి మీద మాంసం లేదు, బరువు పెరిగింది. అబద్ధం చెప్పదన్న కాటా ఆ రోజు అబద్ధం చెప్పింది. వాడు కమ్మీ వంక చూసి, "నువ్వు తగ్గినదంతా నా మీదికే వస్తా ఉందక్కా, యాడికీ పోలేదు" అన్నాడు. ఈసారి నేను నవ్వలేదు. వాడు దిగడానికి చెయ్యిస్తే ఆ చేతిలో ఎముకలు నాకు తగిలాయి.

మామిడి పూత రాలి పిందెలు పడ్డాయి. కృష్ణగిరి రోడ్డు పక్కన బుట్టలు మొదలయ్యాయి. నాకు మామిడిపండంటే ఎంత పిచ్చో మా ఊరంతా తెలుసు. ఆ ఏడాది బస్సులో కిటికీ మూసుకుని కూర్చున్నాను. వచ్చే ఏడాది ఇద్దరం కలిసి తిందాంలే అని వాడికి నేనే చెప్పాను. అలాంటివి చెప్పకూడదు.

స్కానింగుకు మా ఆయన తోడొచ్చాడు. డాక్టరు ఈసారి కళ్ళజోడు తీయలేదు. ఎలా చేశారమ్మా ఇది, ఉద్యోగం చేస్తూ, అన్నాడు. లివరు బాగుంది. ఇంకొన్ని పరీక్షలు, అనుమతిచ్చే కమిటీ ముందు సంతకాలు, ఆపైన ఆపరేషను రోజు పెడదాం. నేను ఆ వరండాలోనే మరదలికి ఫోన్ చేశాను. అవతలి నుంచి మూకుడులో ఏదో చిటపటలాడుతున్న చప్పుడు వినిపించింది. పప్పు మాడిపోతా ఉంది వదినా అని పెట్టేసింది.

ఆ సంతకాలు అవుతుండగానే తమ్ముడికి జ్వరం వచ్చింది. కడుపులో నీళ్ళకు చీము పట్టింది. బెంగళూరు ఆసుపత్రిలో చేర్చారు. జ్వరం తగ్గాలి, అప్పుడే కోయగలం అన్నారు. అది తగ్గలేదు. తర్వాత కిడ్నీలు మొరాయించాయి. రోజూ పొద్దున హోసూరు నుంచి పోయేదాన్ని. నడక మాత్రం మానలేదు. ఇంకా చీకటి ఉండగానే ఫారం గోడ పక్కన నడిచి, అప్పుడు బస్సెక్కేదాన్ని. ఒక్కరోజు మానితే లివర్లో కొవ్వు మళ్ళీ చేరి, వాడికి జ్వరం తగ్గిన రోజు నేను పనికిరాకుండా పోతానేమోనని భయం. పిచ్చి భయమే. కానీ నా చేతిలో ఉన్నది అదొక్కటే.

లోపలికి ఒక్కొక్కర్నే పంపుతారు. వాడికి మెలకువగా ఉన్న ఆఖరి రోజున నేను పోయి పక్కన నిలబడితే, పైనించి కిందిదాకా చూశాడు.

"ఈ వారం కాటా ఎక్కినావా?"

లేదన్నాను.

"నేను లేనప్పుడు ఎక్కొద్దక్కా. ఆ గుండు ఎవురికీ నిలవదు."

నువ్వు లేచి రా, నువ్వే నిలుపుదువు గాని అన్నాను. సరే అన్నట్టు కనురెప్పలు ఆడించాడు. మంచం కింద వేలాడే గొట్టాలు చూస్తూ నిలబడ్డాను. నర్సు వచ్చి టైం అయిందన్నది.

రెండు రోజులకు వాడు పోయాడు.

నా ఒంట్లో వాడి కోసం సిద్ధం చేసిపెట్టిన ముక్క నా ఒంట్లోనే ఉండిపోయింది.

కర్మలన్నీ అయ్యాక చివరి రోజు మా వాళ్ళలో అందరి నోరూ తీపి చేస్తారు. మైల పోయింది, ఇక అంగడి తెరవొచ్చు అని అర్థం. ఆ రోజు కావేరిపట్టణం ఇల్లు నిండా జనం. నన్ను చూసిన ప్రతి ఒక్కరూ అయ్యో ఇంత చిక్కిపోయావేమిటి అని అడిగారు. దుఃఖంతో అనుకున్నారు. కొందరికి విషయం తెలుసు. నాతో మాటలు పోయిన ఆ పెద్దమనిషి, చావుకు వచ్చాడు కాబట్టి మాటలు కలిపి, నడవాలో అందరికీ వినపడేలా అన్నాడు. "ఏమ్మా, ఈ తగ్గేదేదో ఒక నెల ముందర తగ్గుంటే పిల్లోడు దక్కుతా ఉండె కదా."

నేనేం అంటానోనని అందరూ చూస్తున్నారు. నా నోరు సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ ప్రశ్న ఆ పెద్దమనిషి కొత్తగా వేసింది కాదు. ఆసుపత్రి వరండాలో, బస్సులో, ఫారం గోడ పక్కన చీకట్లో నేను రోజూ వేసుకుంటున్నదే. ఆ చింతచెట్ల దాకా మొదటి వారంలోనే ఎందుకు పోలేకపోయాను? డబ్బాకొకటి తిన్న ఆ ఉండలన్నీ కలిపితే ఎన్ని రోజుల నడక?

వంటింటి గుమ్మంలోంచి మరదలి గొంతు వినిపించింది. ఆమె మగవాళ్ళ మధ్య గొంతెత్తడం నేను అదే మొదటిసారి వినడం.

"ఆయమ్మ నడిచింది మామా. చలిలో, చీకట్లో, ఉద్యోగం చేసుకుంటా నడిచింది. నువ్వెంత దూరం నడిచినావు? ఎవురన్నా ఒకడుగు నడిచినారా?"

ఆ పెద్దమనిషి కండువా సర్దుకున్నాడు. ఎవరో మంచినీళ్ళు అడిగారు. మళ్ళీ గిన్నెల చప్పుడు మొదలైంది.

నేను లేచి అంగడి వెనక గదిలోకి పోయాను. కాటా మీద దుమ్ము పడి ఉంది. గుండు ఒక మూలకు జరిగి కమ్మీ ఒకవైపుకి వాలి ఉంది. నా వెనకే మరదలు వచ్చింది. చేతిలో అదే స్టీలు డబ్బా. మూత తీస్తే సున్నుండలు, కొత్తవి. ఎప్పుడు చేసిందో, ఇంతమందికి వండుతూ ఎలా చేసిందో తెలియదు. ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడన్నా తిను వదినా. ఇంక తగ్గే పని లేదు కదా."

అంటే ఆమెకు మొదటి నుంచీ తెలుసు. దోసకాయలు ఎందుకు పంపానో, ఆఫీసులో ఎవరు తింటున్నారో, అంతా తెలిసే చేసి పంపింది. తెలిసే నేనూ తీసుకున్నాను. ఆమె మొహంలోకి చూడలేక ఉండ వంక చూశాను. నెయ్యి నా వేళ్ళకు అంటుకుంది. నువ్వూ తిను అని ఇంకొకటి ఆమె చేతిలో పెట్టాను. ఇద్దరం ఆ గదిలో మూటల మీద కూర్చుని తిన్నాం. చివరిదాకా తిన్నాం.

ఇప్పుడు పరుపు మీద కూర్చునేది మా మరదలే. సాయంత్రం కూతురు స్కూలు నుంచి వచ్చాక ఇద్దరూ ఊరి పక్క ఏటి గట్టు వైపు నడిచి వస్తారట. నేను చెప్పలేదు, వాళ్ళే మొదలుపెట్టారు. నేను మత్తిగిరిలో ఇంకా నడుస్తూనే ఉన్నాను. ఎందుకని మా ఆయన అడగడు. కోతిటోపీల పెద్దమనుషులు మళ్ళీ రోడ్డుకు ఇటుపక్కకు వచ్చారు, సలహాలు మానేశారు. ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి, మేడం మీరు ఇంత బాగా ఎలా తగ్గారు, ఆ రహస్యం చెప్పండి అని వారం రోజులు వెంటపడింది. నడువమ్మా అన్నాను. అంతకంటే చెబితే ఏడుస్తాను, పని పాడవుతుంది.

ఆ రోజు మరదలు మిగిలిన ఉండలు డబ్బాతో సహా నాకే ఇచ్చింది. అవి ఎప్పుడో అయిపోయాయి. డబ్బా కడిగి వంటింటి అలమరలో పెట్టాను. టెంపో ప్రతి వారం వస్తుంది, డ్రైవరు గేటు దగ్గర హారన్ కొట్టి చూసి పోతాడు. ఖాళీగా పంపకూడదు. అందులో ఏం వేసి పంపాలో నాకు ఇంకా తోచలేదు.